సీల్ ఉంది సరే, ఆదివారం రాత్రి నర్స్ వస్తుందా?

"ఆ హాస్పీస్‌కి అక్రెడిటేషన్ ఉందట అక్కా, వెబ్‌సైట్‌లో గోల్డ్ సీల్ కూడా కనిపిస్తోంది, ఇంక సైన్ చేసెయ్యొచ్చు కదా?"

నేను హాస్పీస్ నర్స్‌ని, అంటే ఇక నయం కాదన్నవాళ్ళకి చివరి రోజుల్లో బాధ తగ్గించే కేర్ ఇచ్చే చోట నర్స్‌ని, అని తెలిసిన మన తెలుగువాళ్ళ దగ్గర్నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తూనే ఉంటుంది. ఇక్కడ అమెరికాలో అమ్మకో నాన్నకో ఇక ట్రీట్‌మెంట్ పనిచేయదని డాక్టర్ చెప్పేసి, హాస్పిటల్ కేస్ మేనేజర్ వచ్చి నాలుగు హాస్పీస్‌ల పేర్లున్న కాగితం చేతిలో పెట్టి సాయంత్రంలోపు ఒకటి సెలెక్ట్ చేసుకోండి అంటే, ఆ కంగారులో ఎవరికైనా ముందు కంట్లో పడేది ఆ సీలే, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. సీల్ ఉంటే మంచిదే, కాకపోతే మీరు తెలుసుకోవాలనుకుంటున్న విషయం అది చెప్పదు. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏంటి? చివరి రెండు మూడు రోజుల్లో, ఊపిరి ఆడక మనిషి కొట్టుకుంటున్నప్పుడు, ఫోన్ చేస్తే ఎవరైనా వస్తారా లేదా అని. దానికి ఆ సీల్ దగ్గర సమాధానం లేదు, ఎందుకు లేదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నా.

ఇదేదో బయట నుంచి రాయి విసరడం కాదు. పేషెంట్ల ఇళ్ళకి తిరిగే నర్స్‌గా పనిచేసి, ఇప్పుడు క్వాలిటీ సైడ్‌కి వచ్చాను, అంటే సర్వే, అదే తనిఖీ, వస్తుందంటే చార్టులు ఆడిట్ చేసి ఫైళ్ళు సిద్ధం చేసే బ్యాచ్ మాది. తనిఖీలే వద్దనే మనిషిని కూడా కాదు నేను, ఇంకా గట్టిగా, కానీ వేరే చోట చెయ్యాలంటాను.

ముందు ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో చెప్తా. అమెరికాలో హాస్పీస్ ఖర్చులో సింహభాగం మెడికేర్, అంటే ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, కడుతుంది, 2022లో 17 లక్షల మందికి పైగా మెడికేర్ పేషెంట్లు హాస్పీస్ తీసుకున్నారు. ఆ డబ్బు కావాలంటే హాస్పీస్‌కి మెడికేర్ సర్టిఫికేషన్ ఉండాలి, దానికి ఫెడరల్ రెగ్యులేషన్స్‌లో పార్ట్ 418 కింద కండిషన్స్ ఆఫ్ పార్టిసిపేషన్ అని ఒక పెద్ద చిట్టా ఉంది, అవన్నీ పాటిస్తున్నామని నిరూపించుకోవాలి. నిరూపించుకోవడానికి రెండు దారులు. ఒకటి, స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి సర్వే చేయడం. రెండోది, తనిఖీ చేసి ఆ సీల్ ఇచ్చే ప్రైవేట్ అక్రెడిటేషన్ సంస్థ దగ్గరకి వెళ్ళడం. హాస్పీస్‌ల విషయంలో మెడికేర్‌ని నడిపే సీఎంఎస్ గుర్తించినవి మూడున్నాయి, జాయింట్ కమిషన్, చాప్, ఏసీహెచ్‌సీ. వీళ్ళల్లో ఎవరో ఒకరు పాస్ చేస్తే సీఎంఎస్ దాన్నే తన తనిఖీగా లెక్కేసుకుంటుంది, దీన్నే డీమ్డ్ స్టేటస్ అంటారు. ఇది కంపల్సరీ ఏం కాదు, స్టేట్ సర్వేతోనే ఏళ్ళ తరబడి నడుస్తున్న మంచి హాస్పీస్‌లు కూడా ఉన్నాయి.

చాలామందికి తెలియని తిరకాసు ఇక్కడే ఉంది. స్టేట్ డిపార్ట్‌మెంట్‌లకి మనుషులూ తక్కువ, బడ్జెట్టూ తక్కువ, అందుకని ప్రైవేట్ దారి ఉన్న సంస్థల మొట్టమొదటి సర్వేలని సీఎంఎస్ వాళ్ళకిచ్చిన ప్రయారిటీ లిస్టులో అట్టడుగున పెట్టింది. అంటే కొత్తగా హాస్పీస్ తెరిచేవాడు స్టేట్ కోసం కూర్చుంటే ఎప్పటికి వస్తారో తెలీదు, కాబట్టి ఫీజు కట్టి అక్రెడిటేషన్ తెచ్చుకోవడం తప్ప ఆచరణలో వేరే దారి లేదు. ఇప్పుడు ఆలోచించండి, ముప్ఫై ఏళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్న నాన్‌ప్రాఫిట్ హాస్పీస్ స్టేట్ సర్వేతోనే నడుస్తూ సీల్ లేకుండా ఉండొచ్చు, నిన్నగాక మొన్న ఒక గదిలో బోర్డు పెట్టుకున్నవాడి దగ్గర సీల్ తళతళా మెరుస్తూ ఉండొచ్చు. సీల్ చూసి ఈ ఇద్దర్లో ఒకర్ని ఎంచుకుంటే ఎవరు దొరుకుతారో మీరే చెప్పండి.

పైగా ఫీజు కట్టేది ఎవరు? తనిఖీ చేయించుకునేవాడే. నచ్చకపోతే వచ్చేసారి ఇంకో సంస్థ దగ్గరకి పోతాడు. కొన్ని సంస్థలకి కన్సల్టింగ్ విభాగాలు కూడా ఉన్నాయి, సర్వేకి ఎలా తయారవ్వాలో డబ్బు తీసుకుని నేర్పేవి. ఒక చేత్తో ట్యూషన్ చెప్పి ఇంకో చేత్తో పేపర్ దిద్దడం అన్నమాట. ఇది నా ఒక్కదాని అనుమానం అయితే వదిలెయ్యొచ్చు, కానీ 2024 ఫిబ్రవరిలో సీఎంఎసే ఈ కన్సల్టింగ్ మీద ఆంక్షలు పెట్టాలని ఒక రూల్ ప్రతిపాదించింది, అంటే వాళ్ళకీ ఇది ఇబ్బందిగానే కనిపించిందన్నమాట. సర్వేయర్లు మాత్రం, నేను చూసినంతవరకు, నిజాయితీగా పనిచేసే మనుషులు, చాలామంది ఒకప్పటి హాస్పీస్ నర్సులే, కొందరి దగ్గర నేను పని నేర్చుకున్నా కూడా. నా పేచీ మనుషులతో కాదు, వాళ్ళని దేన్ని చూడమని పంపిస్తున్నారో దానితో.

అసలు ఆ రూల్స్ బాగోలేవా అంటే, చాలా బాగున్నాయి. చదివితే ఎవరో మనసున్న మనిషి రాసినట్టే ఉంటుంది. హాస్పీస్‌లో చేరుతున్నట్టు సైన్ చేసిన 48 గంటల్లో ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్స్, వచ్చి చూడాలి. 5 రోజుల్లో పూర్తి అసెస్‌మెంట్ అయిపోవాలి, ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసు, కుటుంబం, నమ్మకాలు, చనిపోయాక ఇంట్లోవాళ్ళ పరిస్థితి ఏంటి అనేది కూడా అందులోనే. డాక్టర్, నర్స్, సోషల్ వర్కర్, చాప్లిన్ (ఆధ్యాత్మికంగా ఓదార్పునిచ్చేవాళ్ళు) లేదా కౌన్సెలర్ కలిసి కూర్చుని కనీసం 15 రోజులకోసారి ప్రతి పేషెంట్ ప్లాన్ మళ్ళీ చూడాలి. స్నానం లాంటివి చేయించే ఎయిడ్ పని ఎలా చేస్తోందో ఆర్ఎన్ 14 రోజులకోసారి ఇంటికెళ్ళి చూసుకోవాలి. మనిషి పోయాక ఏడాది దాకా కుటుంబానికి బిరీవ్‌మెంట్ సపోర్ట్, అంటే ఆ దుఃఖంలో తోడు, ఉండాలి. ఇంకో అందమైన రూల్ ఉంది, జీతం తీసుకునే స్టాఫ్ పేషెంట్ల కోసం పనిచేసే గంటల్లో కనీసం 5 శాతానికి సమానంగా వాలంటీర్లు పనిచెయ్యాలి. ఇలాంటి రూల్ హెల్త్‌కేర్‌లో ఇంకెక్కడా నాకు కనిపించలేదు. 1967లో లండన్‌లో డాక్టర్ సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పీస్ మొదలుపెట్టడం, దాన్ని చూసి నర్స్ ఫ్లోరెన్స్ వాల్డ్ వాళ్ళు 1974లో కనెక్టికట్‌లో పని మొదలుపెట్టడం, ఈ కథంతా ఒక ఉద్యమంలా నడిచింది, 1982లో కాంగ్రెస్ మెడికేర్ హాస్పీస్ బెనిఫిట్ పెట్టినప్పుడు ఆ ఉద్యమం గుర్తు ఈ వాలంటీర్ రూల్‌లో మిగిలిపోయింది. ఇప్పుడు మెడికేర్ హాస్పీస్‌లలో నాలుగింట మూడు వంతులకి పైగా లాభం కోసం నడిచేవే, అయినా ఆ 5 శాతం అలాగే ఉంది. చాలాచోట్ల దాన్ని ఎలా లెక్క చూపించాలా అని నెలాఖరుకి కుస్తీలు పడుతుంటారు, అది వేరే కథ.

మరి ఇంత మంచి రూల్స్ పెట్టుకుని తేడా ఎక్కడ వస్తోంది? ఒక్క రూల్ తీసుకుని చెప్తా, ఎందుకంటే మొత్తం సమస్య దీంట్లోనే కనిపిస్తుంది. నర్సింగ్ సర్వీసులు రోజుకి 24 గంటలూ, వారానికి 7 రోజులూ అందుబాటులో ఉండాలి అని రూల్. బానే ఉంది. అందుబాటులో ఉండడం అంటే ఏంటి? ఫోన్ చేసిన ఎంతసేపటికి నర్స్ ఇంటికి రావాలి? ఫెడరల్ రూల్‌లో నిమిషాలు లేవు, గంటలు లేవు. ఒక నర్స్‌కి ఎంతమంది పేషెంట్లు ఉండొచ్చో కూడా లేదు. ఇంత టైంలో వెళ్తాం అని హాస్పీస్ తన పాలసీలో తనే రాసుకుంటుంది, సర్వేయర్ వచ్చి నీ పాలసీ నువ్వు పాటించావా లేదా అని చూస్తారు. ఇప్పుడు మీరే హాస్పీస్ ఓనర్ అనుకోండి, పాలసీలో గంటలోపు వెళ్తాం అని రాసుకుంటారా? రాసుకుంటే ఒక్కసారి గంటన్నర అయినా డెఫిషియన్సీ, అంటే రూల్ తప్పారని రిపోర్ట్‌లో లోపం, పడుతుంది. పేషెంట్ అవసరాన్ని బట్టి తగిన సమయంలో అని రాసుకుంటే ఏ గొడవా లేదు. సర్వేకి ప్రిపేర్ చేసే కన్సల్టెంట్లు నిర్మొహమాటంగా చెప్పే మొదటి సలహా ఇదే, పాలసీలో మీకు మీరు బేడీలు వేసుకోకండి అని. అంటే గంటలో వస్తామని మాటిచ్చి పది సార్లలో తొమ్మిది సార్లు వచ్చేవాడికి డెఫిషియన్సీ పడుతుంది, ఏ మాటా ఇవ్వకుండా తెల్లారాక వచ్చేవాడికి క్లీన్ రిపోర్ట్.

సర్వే వారం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. చెప్పకుండానే వస్తారు, నిజమే, కానీ మూడేళ్ళకోసారి రావాల్సిన సర్వే ఏ నెలల్లో వస్తుందో ఆఫీసులో అందరికీ ఒక అంచనా ఉంటుంది. వాళ్ళు లోపలికి అడుగుపెట్టిన నిమిషం నుంచి టెక్స్ట్ మెసేజ్‌లు ఎగురుతాయి. కొన్ని చార్టులు అడుగుతారు, స్టాఫ్ ఫైళ్ళు చూస్తారు, లైసెన్సులు, టీబీ టెస్టులు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు, ఎయిడ్‌ల ట్రైనింగ్ గంటలు. క్వాపీ, అంటే క్వాలిటీ మెరుగుపరచే కార్యక్రమం, మీటింగుల మినిట్స్ అడుగుతారు. నర్స్‌తో పాటు కొన్ని ఇళ్ళకి వస్తారు. ఆ ఇళ్ళు పగలే చూస్తారు, పేషెంట్ ఒప్పుకుంటేనే చూస్తారు, పక్కన సర్వేయర్ ఉన్నప్పుడు ఏ నర్స్ అయినా చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుంటుంది, నేనూ అంతే. చనిపోయినవాళ్ళ చార్టులు కూడా చూస్తారు, చూడరని అనను. కానీ ఆ చార్ట్‌లో ఉండేది ఏంటి? రాత్రి 11:40కి కాల్ వచ్చింది, ఫ్యామిలీకి ధైర్యం చెప్పాం, కంఫర్ట్ కిట్ (అత్యవసరానికి ఇంట్లో ఉంచే మందుల పెట్టె)లో మార్ఫిన్ ఎలా ఇవ్వాలో ఫోన్‌లో వివరించాం, అర్థమైందన్నారు, ఇలా ఉంటుంది. కాగితం మీద చూస్తే లోటు లేదు. ఫోన్ ఇవతల ఉన్న ముసలామెకి చేతులు వణుకుతూ సిరంజి మీద గీతలు కనిపించలేదని, అర్థమైంది అని అన్నది భయానికి అని, ఆ చార్ట్‌లో ఎందుకుంటుంది?

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట వీకెండ్ రాత్రుళ్ళు రెండు కౌంటీలకి కలిపి ఒకే ఆన్‌కాల్ నర్స్ ఉండేది. ఒక చివర ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి వెళ్ళి, కుటుంబంతో కూర్చుని, మందులు పారబోయించి, ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు వచ్చేదాకా ఉండాలి కదా, ఆలోగా రెండో చివర నుంచి కాల్ వస్తే ఏం చేస్తుంది? ఫోన్‌లో మాట్లాడుతుంది, అంతకంటే చెయ్యలేదు. ఆ సంస్థకి అక్రెడిటేషన్ ఉంది, సర్వేలో పెద్ద లోపాలేం దొరకలేదు, లాబీలో సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి పెట్టారు. ఆన్‌కాల్ షెడ్యూల్ అడిగితే చూపించారు, 24 గంటలూ ఒక పేరు ఉంది, టిక్ పడింది.

ఇదంతా ఎవరో చెడ్డవాళ్ళు కావాలని చేస్తున్నారని అనుకోకండి, డబ్బు వచ్చే పద్ధతే అలా ఉంది. మెడికేర్ హాస్పీస్‌కి విజిట్‌కింత అని ఇవ్వదు, రోజుకింత అని ఇస్తుంది. ఇంటి దగ్గర మామూలు కేర్‌కి 2025 ఆర్థిక సంవత్సరంలో మొదటి 60 రోజులు రోజుకి సుమారు 225 డాలర్లు, ఆ తర్వాత సుమారు 177, ఏరియాని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆ రోజు నర్స్ వెళ్ళినా అంతే, ఎవరూ వెళ్ళకపోయినా అంతే. కష్టమైన రోజుల కోసం ఇంకా ఎక్కువ రేటున్న లెవెల్స్ ఉన్నాయి, ఇంట్లోనే రోజులో కనీసం 8 గంటలు మనిషి ఉండే కంటిన్యువస్ కేర్, నొప్పి ఇంట్లో కంట్రోల్ కానప్పుడు హాస్పిటల్ లాంటి చోట ఉంచి చూసే జనరల్ ఇన్‌పేషెంట్, ఇంట్లోవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఒక్కోసారి 5 రోజుల దాకా రెస్పైట్. ఈ నాలుగూ ఇవ్వగలగాలి అని రూల్. ఇవ్వగలగడం వేరు, ఇవ్వడం వేరు. దేశం మొత్తం మీద హాస్పీస్ రోజుల్లో దాదాపు అన్నీ మామూలు కేర్ రోజులే, కొన్ని హాస్పీస్‌లు మిగతా లెవెల్స్ జోలికే పోవు, కాంట్రాక్ట్ కాగితం మాత్రం ఫైల్‌లో భద్రంగా ఉంటుంది. డిమెన్షియా ఉండి, నిలకడగా, నెలల తరబడి ఉండే పేషెంట్ లాభం, వారంలో పోయే క్యాన్సర్ పేషెంట్ నష్టం. మితిమీరకుండా ఏడాదికి పేషెంట్‌కి సగటున ఇంత అని క్యాప్ పెట్టారు, 2025 ఆర్థిక సంవత్సరంలో అది 34 వేల డాలర్ల పైచిలుకు, దాన్ని దాటకుండా కొందరు బతికుండగానే పేషెంట్లని డిశ్చార్జ్ చేసేస్తుంటారు. చివరి 7 రోజుల్లో ఆర్ఎన్ గానీ సోషల్ వర్కర్ గానీ స్వయంగా వెళ్తే రోజుకి 4 గంటల దాకా అదనంగా డబ్బు ఇస్తామని 2016 నుంచి ఒక పద్ధతి తెచ్చారు, అది మాత్రం సరైన చోట పెట్టిన డబ్బు అని నా ఉద్దేశం.

2019 జులైలో హెల్త్ డిపార్ట్‌మెంట్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు రెండు రిపోర్టులు బయటపెట్టింది. 2012 నుంచి 2016 వరకు సర్వే అయిన హాస్పీస్‌లలో 80 శాతానికి పైగా ఏదో ఒక డెఫిషియన్సీ ఉంది, అది పెద్ద విషయం కాదు, చిన్నా చితకా అందరికీ పడతాయి. 20 శాతం వాటికి సీరియస్ డెఫిషియన్సీ ఉంది, అది పెద్ద విషయం. రెండో రిపోర్ట్‌లో పేషెంట్లకి హాని జరిగిన 12 కేసులు ఉన్నాయి, ఫీడింగ్ ట్యూబ్ చుట్టూ పురుగులు పట్టిన మనిషి ఒకరు, మడమల మీద పుండ్లు ముదిరి గ్యాంగ్రీన్ అయి కాలు తీసేయాల్సి వచ్చినాయన ఒకరు. ఆ రిపోర్ట్ చదివిన రోజు నేను లంచ్ చెయ్యలేకపోయాను. అప్పటిదాకా ఇలాంటి హాస్పీస్‌ని శిక్షించడానికి సీఎంఎస్ చేతిలో ఉన్నది ఒకే ఒక్కటి, మెడికేర్ నుంచి పూర్తిగా తీసెయ్యడం. జరిమానా లేదు, అడ్మిషన్లు ఆపడం లేదు. ఉరి తప్ప వేరే శిక్ష లేని కోర్టులో ఉరి ఎన్నిసార్లు పడుతుంది? కరెక్షన్ ప్లాన్ రాసిచ్చేవాళ్ళు, ఫైల్ మూసేసేవాళ్ళు. ఇంకో సంగతి, మూడేళ్ళకోసారి సర్వే తప్పనిసరి అనేది కూడా 2014లో వచ్చిన ఇంపాక్ట్ యాక్ట్‌తోనే మొదలైంది, అంతకుముందు ఆరేళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా ఎవరూ తొంగిచూడకుండా గడిచిపోయేవి.

లాస్ ఏంజెలెస్ సంగతి కూడా చెప్పకపోతే కథ పూర్తవదు. 2022 మార్చిలో కాలిఫోర్నియా స్టేట్ ఆడిటర్ రిపోర్ట్ ఇచ్చారు, 2010తో పోలిస్తే లాస్ ఏంజెలెస్ కౌంటీలో హాస్పీస్ ఏజెన్సీల సంఖ్య 1,500 శాతం పెరిగిందని, వయసు మళ్ళిన జనాభాతో చూస్తే దేశం సగటు కన్నా ఆరున్నర రెట్లు ఎక్కువని. ఒకే బిల్డింగ్‌లో వందకి పైగా హాస్పీస్, హోమ్ హెల్త్ ఏజెన్సీల అడ్రస్‌లు. అసలు చావుబతుకుల్లో లేనివాళ్ళని, వాళ్ళకే తెలియకుండా హాస్పీస్‌లో చేర్చేసి బిల్లులు వేసుకోవడం. కొత్త లైసెన్సులు ఆ ఏడాది మొదట్నుంచే రాష్ట్రం ఆపేసింది. 2023లో సీఎంఎస్ దేశమంతా 7 వేలకు పైగా హాస్పీస్‌ల అడ్రస్‌లకి మనుషుల్ని పంపించి అక్కడ నిజంగా ఆఫీస్ ఉందా లేదా అని చూసింది, 400 దాకా హాస్పీస్‌ల మీద చర్య తీసుకునే ఆలోచన చేసింది, అరిజోనా, కాలిఫోర్నియా, నెవాడా, టెక్సస్‌లలో కొత్తవాటి మీద ప్రత్యేక నిఘా పెట్టింది. తలుపు కొట్టి చూస్తే బయటపడే మోసం అది! ఇలాంటివి సర్టిఫికేషన్ అనే గుమ్మం దాటుకుని లోపలికి ఎలా వచ్చాయో, ఆ గుమ్మం దగ్గర ఎవరున్నారో పైన చెప్పాను కదా.

మరి మార్పేం రాలేదా అంటే వచ్చింది. 2020 డిసెంబర్‌లో పాసైన కన్సాలిడేటెడ్ అప్రోప్రియేషన్స్ యాక్ట్ 2021లో చాలా మంచి ముక్కలున్నాయి. రోజుకి 10 వేల డాలర్ల దాకా జరిమానా, కొత్త అడ్మిషన్లకి పేమెంట్ ఆపడం, తాత్కాలికంగా వేరేవాళ్ళని మేనేజ్‌మెంట్‌లో పెట్టడం లాంటివి వచ్చాయి. ప్రైవేట్ సంస్థలు కూడా తమ సర్వే రిపోర్ట్‌లని ప్రభుత్వం వాడే ఫారంలోనే ఇవ్వాలన్నారు, అంతకుముందు అవి జనానికి కనిపించేవి కావు. బాగా వెనకబడిన హాస్పీస్‌ల కోసం స్పెషల్ ఫోకస్ ప్రోగ్రాం పెట్టమన్నారు, 2024 డిసెంబర్‌లో 50 పేర్లతో లిస్ట్ బయటికొచ్చింది. ఇండస్ట్రీ గగ్గోలు పెట్టింది, లెక్కగట్టిన ఫార్ములా తప్పని కోర్టుకెళ్ళారు, 2025 ఫిబ్రవరిలో సీఎంఎస్ దాన్ని ఆపేసింది. ఫార్ములా మీద విమర్శల్లో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటా, పెద్ద హాస్పీస్‌లకి కంప్లైంట్‌లు సంఖ్యలో ఎక్కువ వస్తాయి కదా, దాన్ని సైజుకి తగ్గట్టు సరిచెయ్యకపోతే చిన్న మోసగాళ్ళు తప్పించుకుంటారు. కానీ సరిచేసి పెట్టాలిగానీ అటకెక్కించడం ఏంటి?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించేది ఇంకోటుంది. హాస్పీస్‌లు క్వాలిటీ డేటా పంపకపోతే ఆ ఏడాది పేమెంట్ పెంపులో 4 పర్సెంటేజ్ పాయింట్లు కోత. గట్టి దెబ్బే. అయితే ఆ కోత డేటా పంపనందుకే, డేటా దరిద్రంగా ఉన్నందుకు కాదు. చివరి రోజుల్లో సగం మందిని ఎవరూ చూడలేదు అని నిజాయితీగా, టైంకి పంపితే ఒక్క పైసా తగ్గదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ డేటాలోనే మనకి కావాల్సింది ఉంది, ఎవరి ఫైళ్ళూ తిరగేయక్కర్లేదు, మెడికేర్‌కి పంపిన బిల్లుల్లోంచే వస్తుంది. మెడికేర్ వాళ్ళ కేర్ కంపేర్ సైట్‌లో హాస్పీస్ పేరు కొడితే చివరి రోజుల విజిట్‌లు అనే ఒక అంకె కనిపిస్తుంది, చనిపోయే ముందు 3 రోజుల్లో కనీసం 2 రోజులు ఆర్ఎన్ లేదా సోషల్ వర్కర్ స్వయంగా వెళ్ళిన పేషెంట్లు ఎంత శాతం అని. ఫోన్ కాల్ లెక్కలోకి రాదు. దాని పక్కనే హాస్పీస్ కేర్ ఇండెక్స్ అని 10కి ఇన్ని అని ఒక స్కోర్ ఉంటుంది, అందులో వీకెండ్‌లో నర్సులు గడిపిన నిమిషాలు, నర్స్ విజిట్‌ల మధ్య పెద్ద గ్యాప్‌లు, చేరిన 7 రోజుల్లోనే లేదా 180 రోజులు దాటాక బతికుండగా డిశ్చార్జ్ చేయడం, కష్టమైన రోజుల లెవెల్స్ అసలు ఇచ్చారా లేదా, ఇలాంటి పది విషయాలు లెక్కలోకి వస్తాయి. మూడోది కుటుంబాల సర్వే, మనిషి పోయిన రెండు మూడు నెలలకి చూసుకున్నవాళ్ళకి పంపుతారు, అందులో సాయంత్రాలూ వీకెండ్‌లూ సాయం అడిగితే అందిందా అని నేరుగా అడుగుతారు. నాకు సీల్ కన్నా ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఎక్కువ.

మా ఫీల్డ్‌లో ఇది చెప్తే వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, మీటింగుల్లో వినీ వినీ కంఠతా వచ్చేసింది. విజిట్‌లు లెక్కపెడితే క్వాలిటీ అయిపోతుందా, కొన్ని కుటుంబాలు ఆ చివరి రోజుల్లో మమ్మల్ని మా మానాన వదిలెయ్యండి అంటాయి, పది నిమిషాలు మొక్కుబడిగా వెళ్ళొచ్చినా అంకె పెరుగుతుంది కదా అని. నిజమే. నేనూ అలాంటి ఇళ్ళు చూశాను, గుమ్మంలోనే ఆపి, థాంక్యూ, మేం బాగానే ఉన్నాం అన్నవాళ్ళని. కానీ అలాంటి కుటుంబాలు అన్ని హాస్పీస్‌లలోనూ కొద్దో గొప్పో ఉంటాయి కదండీ, ఒక హాస్పీస్‌లో ముప్పావు వంతు మందిని చూడగలిగి, అదే ఊళ్ళో ఇంకో హాస్పీస్ మూడో వంతుని కూడా చూడకపోతే, ఆ రెండోచోట కుటుంబాలన్నీ వద్దన్నాయని ఎవరైనా నమ్ముతారా? అంకె పర్ఫెక్ట్ కాదు, అయినా కాంట్రాక్ట్ కాగితం ఫైల్‌లో ఉందో లేదో చూడడం కన్నా ఎన్నో రెట్లు నయం. ఇంకో లోపం కూడా చెప్పాలి, కుటుంబాల సర్వేకి కనీసం 75 జవాబులు రాకపోతే స్టార్ రేటింగ్ ఇవ్వరు, మరీ చిన్న హాస్పీస్‌లకి సర్వే నుంచే మినహాయింపు ఉంది. అంటే ఎక్కడైతే అనుమానం ఎక్కువో అక్కడే సమాచారం తక్కువ. స్టార్స్ లేని కొత్త చిన్న హాస్పీస్ చెడ్డదే అని కాదు, కానీ అక్కడ ప్రశ్నలు మీరే వెయ్యాలి.

2025 అక్టోబర్ 1 నుంచి హోప్ అనే కొత్త అసెస్‌మెంట్ వచ్చింది, పాత హాస్పీస్ ఐటెమ్ సెట్ స్థానంలో. నొప్పి గానీ ఆయాసం గానీ ఇంకేదైనా బాధ గానీ ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ ఉందని నర్స్ రాస్తే 2 రోజుల్లోపు మళ్ళీ వెళ్ళి చూశారా అని అడుగుతుంది. మా నర్సులు ఇంకో ఫారం అని తిట్టుకుంటున్నారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, టాబ్లెట్ మీద టిక్కులు కొట్టడంలోనే విజిట్ సగం పోతోంది. కానీ పాత ఫారం నొప్పి గురించి అడిగారా అని అడిగేది, ఇది అడిగాక ఏం చేశారు అంటోంది. ఇన్నేళ్ళలో నేను చూసిన ఫారంలలో కొంచెమైనా పేషెంట్ మంచం వైపు నడిచింది ఇదే. నన్నడిగితే ఆ 4 పాయింట్లలో కనీసం సగాన్ని ఈ అంకెలకీ, చివరి రోజుల విజిట్‌లకీ ముడిపెట్టాలి, సర్వేయర్లు వచ్చిన మొదటి గంటలోనే పోయిన నెల చనిపోయినవాళ్ళ ఆన్‌కాల్ లాగ్ తెరిచి ఎన్ని గంటలకి ఫోన్ వచ్చింది, ఎన్ని గంటలకి మనిషి వెళ్ళాడు అని చూడాలి, ఆ కుటుంబాల్లో కొందరికి స్వయంగా ఫోన్ చెయ్యాలి. టీబీ టెస్ట్ కాగితాలు మధ్యాహ్నం చూసుకోవచ్చు.

అదంతా జరిగేలోపు, మీ చేతిలో ఆ నాలుగు పేర్ల కాగితం ఉంటే, ఇంటేక్ వాళ్ళకి, అంటే కొత్త పేషెంట్లని చేర్చుకునేవాళ్ళకి, ఫోన్ చేసి అడగండి. ఆదివారం రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేది మీ నర్సా, కాల్ సెంటరా? మా ఇంటికి రావడానికి మామూలుగా ఎంతసేపు పడుతుంది, ఆ రాత్రి ఆవిడ మీద ఇంకెంతమంది పేషెంట్లు ఉంటారు? కంటిన్యువస్ కేర్ ఈ ఏడాది ఎవరికైనా ఇచ్చారా, ఇన్‌పేషెంట్ అవసరమైతే ఏ బెడ్‌కి తీసుకెళ్తారు? మనవాళ్ళు నర్సుల్ని, డాక్టర్లని ప్రశ్నించడానికి మొహమాటపడతారు, ఏమైనా అనుకుంటారేమో అని. ఏమీ అనుకోరు, మంచి హాస్పీస్‌లో ఇంటేక్ నర్స్‌కి ఈ ప్రశ్నలంటే ఇష్టం, టకటకా చెప్పేస్తుంది. మేం 24/7 అందుబాటులో ఉంటాం అనే ఒక్క వాక్యమే తిప్పి తిప్పి చెప్తుంటే కాగితంలో రెండో పేరుకి వెళ్ళిపోండి.

ఆల్రెడీ సైన్ చేసేసినవాళ్ళు కూడా ఇరుక్కుపోలేదు. మెడికేర్‌లో మొదటి రెండు బెనిఫిట్ పీరియడ్‌లు 90 రోజులవి, తర్వాత ఎన్నైనా 60 రోజులవి, ప్రతి పీరియడ్‌లో ఒకసారి హాస్పీస్ మార్చుకునే హక్కు పేషెంట్‌కి ఉంది. ఎందుకు మారుతున్నారో ఎవరికీ చెప్పక్కర్లేదు. పాత హాస్పీస్ పేరు, కొత్త హాస్పీస్ పేరు, ఏ తేదీ నుంచి మారుతున్నారో రాసి సంతకం పెట్టి ఇద్దరికీ ఇస్తే చాలు, కేర్ మధ్యలో ఆగదు. కంప్లైంట్ ఇవ్వాలంటే స్టేట్ హాట్‌లైన్ నంబర్ అడ్మిషన్ రోజు ఇచ్చిన ఫోల్డర్‌లో ఉంటుంది, ఆ ఫోల్డర్‌ని పేషెంట్ మంచం దగ్గరే, ఫోన్ పక్కన పెట్టుకోండి.